ఫ్రీజరులో మరచిన సీసా

వేసవి రాత్రి. ఇల్లంతా నిద్రలో ఉండగా వంటయింట్లో ఫెళ్ళుమని ఒక చప్పుడు. పిల్లి గిన్నె దొర్లించింది కాబోలునని ఇల్లాలు లేచి దీపం వేసి చూస్తుంది, ఎక్కడివక్కడే ఉన్నవి. తెల్లవారి పాలకోసం రిఫ్రిజిరేటరు తెరిచి, ఎందుకో పై అర తలుపు కూడా లాగినప్పుడు గాని సంగతి బయటపడదు. గోధుమరంగు గాజుపెంకులు, వాటి నడుమ సీసా ఆకారం చెడకుండా నిలిచి ఉన్న పచ్చని మంచుముద్ద, అర నిండా పులిసిన వాసన. క్రితం సాయంకాలం గృహస్థు “ఒక్క అరగంట చాలు” అనుకుంటూ లోపల పెట్టి, వచ్చిన స్నేహితునితో మాటల్లో పడి మరచిన బీరు సీసా అది.

ఈ ప్రమాదం మ్యూనిచ్‌లోనూ జరుగుతుంది, మచిలీపట్నంలోనూ జరుగుతుంది. అయితే అభన్‌పూర్ వంటి ఊళ్ళలో దీనికి అవకాశం మరీ హెచ్చు. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌కు దక్షిణంగా, ధమ్తరీ పోయే దారిలో ఉన్న తహసీలు కేంద్రం అది. తెలుగు పాఠకులకు బొత్తిగా పరాయి ఊరేమీ కాదు. దాని మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి బస్తరు అడవులు దాటి, భద్రాచలం మీదుగా వచ్చి, విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. రాయ్‌పూర్ నుండి విశాఖపట్నానికి తలపెట్టిన సుమారు 465 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి కూడా అభన్‌పూర్ దాపునే మొదలై సబ్బవరం వద్ద మనల్ని చేరుతుంది. ఈ రెండు దారుల వెంట ఉద్యోగాలకూ వ్యాపారాలకూ పోయి ఆ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తక్కువేమీ లేవు. అక్కడి మే నెల ఎండ 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. అటువంటి రోజున దుకాణం నుండి ఇల్లు చేరేసరికి సీసా పట్టుకుంటే కాలుతుంది. కాలే సీసాను చూసినవాడికి తొందర పుడుతుంది. ఫ్రీజరు ఎదురుగానే ఉంటుంది.

బీరుకు తెలుగులో సొంత మాట లేదు. నిఘంటువులలో ‘యవసుర’ ఉన్నది గాని, దుకాణానికి వెళ్ళి యవసుర ఇమ్మని అడిగినవాడు ఇంతవరకు పుట్టినట్లు లేదు. యవలను, అంటే బార్లీ గింజలను, నానబెట్టి మొలకెత్తించి, ఎండించి, ఉడకబెట్టి, హాప్స్ అనే తీగ పువ్వులతో చేదు కలిపి, ఈస్టుతో పులియబెడితే వచ్చేదే బీరు. మన దేశపు ఆహార ప్రమాణాల సంస్థ 2018లో చేసిన నిబంధనల ప్రకారం మద్యం 5 శాతం వరకు ఉంటే అది మామూలు బీరు. 5 దాటి 8 లోపల ఉంటే గట్టిది, అంటే ‘స్ట్రాంగ్’. మన దేశంలో తాగేవారిలో అత్యధికులు గట్టిదానినే కోరుకుంటారు. చవకరకాలలో ఆ గట్టితనానికి మాల్టుతో పాటు బియ్యం, మొక్కజొన్న అటుకులు, చక్కెర కూడా తోడవుతాయి. కొద్దిమొత్తంలో, మాల్టు రుచికే పెద్దపీట వేసి కాచేదానికి ఈమధ్య ‘క్రాఫ్ట్’ బీరు అనే పేరు వచ్చింది. బెంగళూరు, హైదరాబాదు వంటి మహానగరాల వేడుక అనుకున్న ఈ సరుకు అభన్‌పూర్‌కు మాత్రం పొరుగు సరుకే. 2016లో బజారుకు వచ్చిన ‘సింబా’ అనే బీరు దుర్గ్ జిల్లాలో తయారవుతుంది. అందులో నల్లని స్టౌట్ ఉన్నది, గోధుమలతో చేసిన ‘విట్’ ఉన్నది, స్ట్రాంగ్ కూడా ఉన్నది. 2017లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మద్యం చిల్లర అమ్మకాన్ని తన కార్పొరేషన్ చేతిలోకి తీసుకున్నది. విదేశాలనుండి వచ్చే బంధువులు విమానాశ్రయపు సుంకం లేని దుకాణంలో కొని, చీరల మడతల మధ్య పెట్టి తెచ్చే బెల్జియం సీసాల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అటువంటి సీసా పగిలితే పోయేది డబ్బొక్కటే కాదు. సన్యాసుల మఠంలో తయారయ్యే నీలిమూత ‘షిమే’లో మద్యం 9 శాతం, ‘డువెల్’లో 8.5 శాతం. వీటిలో సీసాకెత్తిన తరువాత కూడా ఈస్టు బ్రతికే ఉండి లోపల రెండవమారు పులియజేస్తుంది. కనుక వాయువు ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ, గాజు మందం. మందపు గాజు పగిలితే పెంకు బరువుగా ఎగురుతుంది. సీసా మూతలూ పెంకులూ తగిలి కన్ను దెబ్బతిన్న సంఘటనలు నేత్రవైద్యుల పత్రికలలో నమోదై ఉన్నవి.

ఇంతకూ లోపల జరిగేదేమిటి? నీరు గడ్డకడితే దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. 650 మిల్లీలీటర్ల సీసాలో మెడ దగ్గర వదిలే ఖాళీ దానిముందు చాలా చిన్నది. మద్యం కలిసినందున బీరు 0 డిగ్రీల వద్ద గడ్డకట్టదు. మామూలు బీరు మైనస్ 2, 3 డిగ్రీల వద్ద, గట్టి బీరు ఇంకొంచెం దిగువన కట్టడం మొదలుపెడుతుంది. ఇంటి ఫ్రీజరు ఉండేది మైనస్ 18 వద్ద. అంటే స్ట్రాంగ్ కదా, గడ్డకట్టదులే అన్న ధీమాకు ఆధారం ఒక డిగ్రీయో, ఒకటిన్నరయో. ఇక్కడ ఇంకొక చిక్కున్నది. మంచు కట్టేటప్పుడు నీరొక్కటే స్ఫటికమవుతుంది. మద్యాన్నీ, కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువునూ బయటికి నెట్టివేస్తుంది. గడ్డ పెరిగేకొద్దీ మిగిలిన కాసిని ద్రవంలో వాయువు కిక్కిరిసి ఒత్తిడి హెచ్చుతుంది. రేకుమూత బలహీనంగా ఉంటే అది ఉబ్బి పైకి లేస్తుంది. మూత గట్టిదైతే గాజు లొంగుతుంది. డబ్బా అయితే అడుగు బుడిపెలాగా పొంగి, ఆ పిమ్మట అతుకు వద్ద చీలుతుంది.

పగలని సీసా క్షేమమనుకోవడం మరొక పొరపాటు. ఒక్కొక్కప్పుడు బీరు మైనస్ 4 డిగ్రీలకు దిగి కూడా ద్రవంగానే ఉంటుంది. స్ఫటికం మొదలు కావడానికి దానికొక సాకు కావాలి. మూత తీయగానే లేచే బుడగలు ఆ సాకు. చూస్తూ ఉండగానే సీసా మెడనుండి కిందికి తెల్లగా పొగమంచు కమ్మినట్లు గడ్డకట్టి, మెత్తని మంచు నోటిగుండా పొంగి బల్లమీద పారుతుంది. పిల్లలకు ఇంద్రజాలంలాగా ఉంటుంది గాని, ఆ మంచుతో పాటు వాయువంతా పోయి లోపల మిగిలేది చప్పని కషాయం. దీనికి అపాయం లేదు. అపాయమంతా తరువాత చేసే చికిత్సలో ఉన్నది. గడ్డకట్టిన సీసాను కుళాయి వేడినీటి కింద పట్టేవారున్నారు. 45 డిగ్రీల ఊళ్ళో మిద్దెమీది తొట్టినుండి మధ్యాహ్నం వచ్చే నీరే కాగినట్లు ఉంటుంది, వేరే కాచనక్కరలేదు. గాజు పైపొర ఒక్కసారిగా వ్యాకోచించి, లోపొర చలికి బిగిసి ఉండి, వెంట్రుకవాసి చీలిక మొదలై, చేతిలోనే రెండవుతుంది. చేయవలసిన పని చాలా చిన్నది. దళసరి తువ్వాలు చుట్టి, ఒక గిన్నెలో నిలబెట్టి, రిఫ్రిజిరేటరు కింది అరలో మరునాటి వరకు వదిలివేయడమే. కరిగాక గాజుమీద సన్నని గీత కనిపించినా, మూత ఉబ్బినా, దానిని వడగట్టి తాగుదామన్న పొదుపు పనికిరాదు. చేటలో చెరిగినా గాజు నలుసు దొరకదు.

కరిగిన బీరు అంతకుముందరి బీరు కాదన్నది కూడా గమనించాలి. మాల్టులోని మాంసకృత్తులు, గింజ పొట్టులోని వగరు పదార్థాలు చలికి జతకట్టి రేకులు రేకులుగా విరుగుతాయి. మామూలు చలికి పట్టే మసక వెచ్చబడితే విడిపోతుంది. గడ్డకట్టినప్పుడు విరిగిన రేకులు మాత్రం తిరిగి కరగవు. నురుగు నిలవదు.

ఎండ సంగతి దీనికి తక్కువేమీ కాదు. మూసి ఉన్న కారులో మధ్యాహ్నం వదిలిన సీసాలో, 4 డిగ్రీల వద్ద ఉన్నప్పటికంటె ఒత్తిడి నాలుగైదు రెట్లవుతుంది. కారు టైరులో కొట్టే గాలి ఒత్తిడికన్నా ఎక్కువే. అక్కడినుండి తిన్నగా ఫ్రీజరులోకి పోయే సీసాకు ఒకే సాయంత్రం రెండు పరీక్షలు. వేడి రుచిని కూడా హరిస్తుంది. రసాయనిక క్రియల వేగం పది డిగ్రీలకొకసారి ఇంచుమించు రెట్టింపవుతుందన్నది బడిపిల్లలకు చెప్పే స్థూలసూత్రం. 40 డిగ్రీల గదిలో నెల ఉన్న సీసా, చల్లని గదిలో ఏడాది ఉన్నంత ముసలిదవుతుందంటే అతిశయోక్తి కాదు. అప్పుడు దానికి తడిసిన అట్టముక్క వాసన వస్తుంది. ఆకుపచ్చ సీసాలకు మరో జబ్బు: ఎండ తగిలితే హాప్స్ చేదు విరిగి, గంధకం కలిసిన ఒక పదార్థం పుట్టి ముక్కు మూసుకోవలసి వస్తుంది. గోధుమరంగు గాజు ఆ వెలుగును ఆపుతుంది. చల్లబరిచి బయటపెట్టి మళ్ళీ చల్లబరిస్తే పాడవుతుందన్న ప్రచారంలో మాత్రం పస లేదు. పాడుచేసేది వెలుతురు, దీర్ఘకాలపు వేడి. విదేశీ సరుకు కొనేవారు అద్దాల బీరువాలో దీపాల వెలుగున తళతళలాడే సీసాను వదిలి, వెనుక అట్టపెట్టెలో ఉన్నదానిని అడిగి తీసుకోవడం మేలు.

చల్లబరిచే కళకు మన దేశంలో పెద్ద చరిత్రే ఉన్నది. అబుల్ ఫజల్ ‘అయినీ అక్బరీ’లో సురేకారం కలిపిన నీటిలో పాత్రను తిప్పి తాగునీరు చల్లబరిచే పద్ధతి వ్రాశాడు. సురేకారం నీటిలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగుకొంటుంది. తుపాకిమందుకు ప్రాణమైన ఆ లవణమే విందులో పానీయాన్ని చల్లబరచిందన్నమాట. కంపెనీ దొరల కాలం వచ్చేసరికి ఈ పనికొక ప్రత్యేకమైన నౌకరు తయారైనాడు. అతని పేరు ఆబ్దార్. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో అతనికి స్థానం దక్కింది. విందుకు పిలుపు వస్తే దొర తన ఆబ్దార్‌ను ముందు పంపేవాడు. అతడు సురేకారపు నీటిలో సీసాల మెడలు పట్టుకుని నిదానంగా తిప్పుతూ కూర్చునేవాడు. అతని విద్యకు ముఖ్యమైనది సురేకారం కాదు, ఓపిక. సీసాను విడిచి లేచి పోకపోవడమే అతని ఉద్యోగం. కనుక అతడు మరచిన సీసా అనేది ఉండదు. ఈనాటి ఫ్రీజరు తీసివేసింది ఈ మనిషిని.

1833లో ‘టస్కనీ’ అనే ఓడ బోస్టన్ నగరంనుండి 180 టన్నుల మంచు నింపుకొని నాలుగు నెలల ప్రయాణం చేసి కలకత్తా చేరింది. దారిలో కరగగా మిగిలింది సుమారు 100 టన్నులు. ఫ్రెడెరిక్ ట్యూడర్ అనే వర్తకుని సాహసమది. చెరువుల మీద గట్టిపడిన మంచును రంపాలతో కోసి, రంపపుపొట్టులో పొదిగి పంపేవాడు. ఆ వ్యాపారం కొరకే 1842లో మద్రాసు సముద్రతీరాన ‘ఐస్ హౌస్’ కట్టారు. 1897లో వివేకానందుడు బస చేసిన ఆ భవనం నేడు ఆయన పేరనే ఉన్నది. మద్రాసులో చదువుకున్న తెలుగువారి తరాలు ఎన్నో దాని ముందునుండి నడిచిపోయినవి.

యూరపులో బీరుకూ చలికీ ఉన్న అనుబంధం ఇంకా గట్టిది. బవేరియాలో 1553నాటి ఉత్తరువు ఏప్రిల్ 23 మొదలు సెప్టెంబరు 29 వరకు బీరు కాచడాన్ని నిషేధించింది. వేడిలో పులిసినది చెడిపోతుందని భయం. ఎండాకాలానికి సరిపడా చలిరోజులలోనే కాచి, మంచుదిమ్మలు పేర్చిన నేలమాళిగలలో దాచేవారు. ‘లాగర్’ అనే మాటకు దాచడమనే అర్థం. 1870లలో మ్యూనిచ్‌లోని ‘స్పాటెన్’ బీరు కార్ఖానావారు కార్ల్ లిండే అనే ఆచార్యుని చేత శీతలయంత్రాన్ని కట్టించారు. పాలు, మందులు, ఐస్‌క్రీములు దాచుకొనే నేటి రిఫ్రిజిరేటరు వంశవృక్షంలో బీరు కార్ఖానా పెద్ద కొమ్మ.

మరచిన సీసాను గురించి చెప్పి మరచిన పీపాను చెప్పకపోవడం న్యాయం కాదు. కుల్మ్‌బాఖ్ అనే జర్మన్ పట్టణంలో చెప్పుకొనే కథ ఇది. 1890 ప్రాంతంలో ఒకానొక చలిరాత్రి అక్కడి కార్ఖానాలో పనినేర్చుకొనే కుర్రవాడు పీపాలను లోపలికి చేర్చకుండా ఇంటికి పోయాడట. తెల్లవారేసరికి మంచుకు పీపాలు పగిలి ఉన్నవి. యజమాని మండిపడి, గడ్డ నడుమ మిగిలిన చిక్కని గోధుమరంగు ద్రవాన్ని నీవే తాగమని శిక్ష వేశాడు. తాగి చూస్తే అమృతం! కథలో నిజమెంతో గాని శాస్త్రంలో అబద్ధం లేదు. నీరు మంచై విడిపోగా మద్యమూ మాల్టు తీపీ చిక్కబడతాయి. ‘ఐస్‌బోక్’ అనే పేరుతో ఆ ఊరి బీరు నేటికీ 9 శాతం పైబడిన బలంతో అమ్ముడవుతూ ఉన్నది. 2009లో స్కాట్లండులోని ‘బ్రూడాగ్’ సంస్థ ఐస్‌క్రీము కార్ఖానాలో పెట్టి మళ్ళీమళ్ళీ మంచు తీసివేసి 32 శాతం బీరు చేసింది. దానిని బీరు అనడం మర్యాదకే. అభన్‌పూర్ గృహస్థు ఫ్రీజరులో మిగిలిన ముద్దలోనూ ఇదే జరిగి ఉంటుంది. కాని గాజుపెంకుల మధ్య ఐస్‌బోక్‌ను వెతకరాదు.

ఇక క్షేమమైన మార్గం. అభన్‌పూర్ ఎండలో ఒక వరమున్నది, అది పొడి ఎండ. గాలిలో తేమ తక్కువ కనుక తడిగుడ్డలోని నీరు చురుకుగా ఆవిరై, ఆవిరి కావడానికి కావలసిన వేడిని సీసానుండి లాగుకొంటుంది. కుండలోని నీరు చల్లబడేదీ, కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టేదీ ఈ సూత్రం మీదనే. 43 డిగ్రీల ఎండలో, తేమ 15 శాతం ఉన్న రోజున, తడిగుడ్డ చుట్టి నీడలో గాలి తగిలేచోట పెట్టిన సీసా 23 డిగ్రీల దరిదాపుకు దిగగలదు. గుడ్డ ఆరకుండా తడపాలి, ఫంకా ఉంటే మరీ మంచిది. పైసా ఖర్చు లేకుండా 20 డిగ్రీలు పోయినవి. విద్యుత్తు లేని వేళ కూడా పోయినవి. ఇదే పని ఆ కొత్త రహదారి రెండవ కొసన చేస్తే ఫలితముండదు. విశాఖ తీరాన 36 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న రోజున తడిగుడ్డ 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అభన్‌పూర్‌లో నేర్చిన విద్యను సబ్బవరంలో ప్రదర్శించి నవ్వులపాలు కావలసివస్తుంది.

మిగిలిన దూరానికి బకెట్టులో మంచుముక్కలూ నీళ్ళూ కలిపి సీసాను మెడదాకా ముంచాలి. నీళ్ళెందుకు అని కొందరు మంచుమాత్రమే పోస్తారు. మంచుముక్క సీసాను తాకేది ఒకటి రెండు చోట్ల; మధ్యనున్నదంతా గాలి. నీరు గాలికంటె ఇరవై అయిదు రెట్లు బాగా వేడిని అందుకుంటుంది. సీసాను అప్పుడప్పుడు తిప్పుతూ ఉంటే, ఆబ్దార్ చేసినట్లు, అరగంట లోపల పని ముగుస్తుంది. లెక్క చూడండి: 43 డిగ్రీల సీసాను 7 డిగ్రీలకు దించడానికి సుమారు 330 గ్రాముల మంచు కరగాలి. తడిగుడ్డతో ముందుగా 23కు దించినదానికి 150 గ్రాములు చాలు. బకెట్టూ, చుట్టూ ఉన్న గాలీ కాజేసేది వేరు. ఈ పద్ధతిలో గొప్ప గుణమొకటున్నది. మంచూ నీరూ కలిసి ఉన్నంతసేపు బకెట్టు 0 డిగ్రీలకంటె కిందికి దిగదు, బీరు గడ్డకట్టేది అంతకంటె కింద. అంటే స్నేహితుడు రాత్రి రెండింటిదాకా కబుర్లు చెప్పినా సీసా పగలదు. ఉప్పు వేస్తే ఈ హామీ పోతుంది. ఉప్పు కలిసిన మంచు మైనస్ 21 వరకు దిగగలదు. కుల్ఫీ కట్టేవారికి అది విద్య, బీరు చల్లబరిచేవారికి అనవసరమైన తొందర.

అసలు అంత చలి ఎందుకన్నది అడగవలసిన ప్రశ్న. గొంతు గడ్డకట్టేటంత చల్లగా తాగాలన్నది పలుచని బీరుల వారి ప్రకటనలు నేర్పిన ఆచారం. 2005లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, తీపినీ చేదునూ నాలుకనుండి అందుకొనే యంత్రాంగంలో ఒక ద్వారం చలికి మందగించి వేడికి చురుకవుతుందని చూపారు. 2 డిగ్రీల బీరులో లోపాలు తెలియవు, గుణాలూ తెలియవు. లోపాలే ఎక్కువగా ఉన్నదానిని అలా తాగడం తెలివైన పనే. కాని స్టౌట్‌లోని మాడిన గింజ కమ్మదనాన్నీ, బెల్జియం బీరులోని లవంగం, అరటిపండు పరిమళాన్నీ డబ్బిచ్చి కొని, వాటిని చలికింద పాతిపెట్టడంలో అర్థం లేదు. పలుచని లాగర్‌కు 4 నుండి 7 డిగ్రీలు, చిక్కని గట్టి రకాలకు 10 నుండి 13 డిగ్రీలు మంచివని నిపుణుల మాట. అభన్‌పూర్ వేసవిలో గ్లాసులో పోసిన క్షణంనుండి అది వెచ్చబడుతూనే ఉంటుంది కనుక 7 వద్ద తీసి నిదానంగా తాగితే, మొదటి గుక్కకూ చివరి గుక్కకూ మధ్య రుచి రెండుమూడుసార్లు మారుతుంది.

ఈ సంగతి బస్తరు ప్రజలకు ఎవరూ చెప్పనక్కరలేదు. అభన్‌పూర్ దాటి దక్షిణంగా పోయేకొద్దీ ‘సల్ఫీ’ చెట్లు కనిపిస్తాయి. అది మన ఏజెన్సీ ప్రాంతాలవారెరిగిన జీలుగే. దాని కల్లును బయటివారు ‘బస్తరు బీరు’ అని ముద్దుగా పిలుస్తారు. తెల్లవారుజామున దించినప్పుడు తియ్యగా, రాత్రి చల్లదనంతోనే ఉంటుంది. పొద్దెక్కినకొద్దీ పులిసి గట్టిపడుతుంది. ఎంత గట్టిపడ్డదీ నాలుకే చెబుతుంది.

చలి చేసే మోసం అక్కడే ఉన్నది: నాలుక చెప్పవలసిన మాటను చెప్పనివ్వదు. 8 శాతం గల 650 మిల్లీలీటర్ల సీసాలో అసలు మద్యం 52 మిల్లీలీటర్లు. విస్కీలో 60 మిల్లీలీటర్ల లార్జి పెగ్గుకు అది సుమారు 26. అంటే ఒక స్ట్రాంగ్ సీసా రెండు లార్జి పెగ్గులకు సమానం. పెగ్గులను లెక్కపెట్టేవాడు కూడా బీరును లెక్కపెట్టడు. గొంతు మండకుండా, తీపీ చేదూ తెలియకుండా, దాహంమీద చన్నీళ్ళలాగా పావుగంటలో పూర్తిచేసి, “బీరే కదా” అంటూ మోటారుసైకిలు తాళం చేతికి తీసుకుంటాడు. మన చట్టం బండి నడిపేవాని నెత్తురులో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి మద్యాన్ని ఒప్పుకోదు. ఒక్క సీసాలోని 41 గ్రాముల మద్యాన్ని వదిలించుకోవడానికి మనిషి కాలేయానికి గంటకు 8 నుండి 10 గ్రాముల చొప్పున నాలుగైదు గంటలు పడుతుంది. చన్నీటి స్నానం, నిమ్మరసం, ఘాటైన కాఫీ ఆ లెక్కను ఒక్క నిమిషం కూడా తగ్గించలేవు. రాత్రి తొమ్మిదింటికి సీసా ముగించినవాడు ధమ్తరీ రోడ్డు ఎక్కదలచుకుంటే, అప్పటికి ఒంటిగంటో రెండో దాటి ఉండాలి.